దున్నబండకి కుడిపక్క

ఫిబ్రవరి 2

అక్క నన్ను మొదటిసారి బొమ్మ అడిగింది.

ముప్పై ఏళ్ళుగా సముద్రాలు వేస్తున్నాను. హోటల్ లాబీలకి, పళ్ళ డాక్టర్ల వెయిటింగ్ రూములకి. బావ పోయినప్పటి నుంచీ అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇన్నేళ్ళలో నా పని గురించి ఆవిడ ఒక్క మంచిమాట అన్న గుర్తులేదు. అలలు ఉతికి ఆరేసిన దుప్పట్లలా ఉన్నాయంటుంది. నురగ చూస్తే సబ్బు ఎక్కువైనట్టుందంటుంది. లెక్కల టీచరు. రిటైరయింది గానీ, ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం మానలేదు.

ఇవాళ కాఫీ తాగుతూ, ఏమే, నా గదిలో బొమ్మ పెద్దది చేసిపెడతావా అంది.

ఆ గదిలో ఉన్నది ఒకటే బొమ్మ. పది అంగుళాలు బై ఎనిమిది, చెక్క మీద ఆయిల్. బావ తిరిగిరాని రోజు పాత జెట్టీ గోడ మీద కూర్చుని వేశాను. కుడిపక్కకి దున్నబండ, నీళ్ళలోంచి లేచిన పెద్ద రాయి. ఎడమపక్క ఖాళీ నీళ్ళలో బావ బోటు. ఆ బోటుని నీళ్ళ మీద చివరిసారి చూసిన మనిషిని నేనే.

అరచేతంత ఉంది, కళ్ళు మసకేస్తున్నాయి, మంచం మీంచి చూస్తే బోటు కనబడటం లేదు అంది. ఏప్రిల్ పదకొండుకి ఇరవై ఏళ్ళు. ఆ రోజుకి కావాలంది.

సరే అన్నాను.


ఫిబ్రవరి 4

ఆ రోజు సంగతి ఎప్పుడూ రాయలేదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెట్టుకుంటాను.

బావది హార్బర్ ఆఫీసులో సర్వే పని. నీళ్ళ లోతు కొలవడం. ఆ రోజు హెల్పర్ సెలవు. చిన్న మోటారు బోటులో ఒక్కడే వెళ్ళాడు. ఇంజన్ ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. ఆరు దాటినా రాలేదు. అక్క కూడా జెట్టీ మీదికి వచ్చింది. ఆరూ నలభైకి వెతికే టీమ్ ఆఫీసరు జెట్టీ మీదికి వచ్చి, ఎవరైనా చూశారా అని అడిగాడు. నేను చూశానన్నాను. దున్నబండకి ఎడమపక్క అన్నాను.

బాగా చీకటిపడేదాకా ఎడమపక్క వెతికారు. మర్నాడంతా వెతికారు. మూడో రోజు మధ్యాహ్నం బోటు కుడిపక్క రాళ్ళ మధ్య పగిలి దొరికింది. ఆ రాళ్ళు బండ వెనక ఉంటాయి, జెట్టీ నుంచి కనబడవు. బావ వాటి మీద ఉన్నాడు. కాలు విరిగింది. రాళ్ళ మీదికి చేరాక కనీసం ఒకటిన్నర రోజు బతికే ఉన్నాడని డాక్టరు రాశాడు.

ఆ ఒకటిన్నర రోజుని అక్క ఆ ఆఫీసరు ఖాతాలో వేసింది. మొదటి సాయంత్రమే చురుగ్గా కదిలి ఉంటే బోటు కుడికి కొట్టుకుపోకముందే దొరికేదంటుంది. ఆయనకి నత్త అని పేరు పెట్టింది. పై ఆఫీసుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఎంక్వయిరీ వేశారు. ఆయన సర్వీసు పుస్తకంలో ఆలస్యం అని రాశారు. ప్రమోషన్ ఆగింది. అక్కకి అది చాల్లేదు. ఇప్పటికీ బస్సు లేటైతే, నత్త తోలుతున్నాడేమో అంటుంది.


ఫిబ్రవరి 8

ఫ్రేముల షాపాయన నలభై బై ముప్పై కాన్వాస్ బిగించి పంపాడు. మేడమ్, మీ సముద్రం ఈసారి ఒళ్ళు చేసిందే అన్నాడట డెలివరీ మనిషితో.

అక్క టేపు తెచ్చి కొలిచింది. పదికి నలభై అంటే నాలుగింతలు, మరి ఎనిమిదికి ముప్పై రెండు కదా, ముప్పై ఎక్కడిది అంది. రెండు అంగుళాల నీళ్ళు ఎవరు మింగారంది. స్టాండర్డ్ సైజు అక్కా అన్నాను. సముద్రానికి స్టాండర్డ్ ఏమిటే అంది.

వెనక్కి పంపాను.


ఫిబ్రవరి 13

నలభై బై ముప్పై రెండు వచ్చింది. పల్చటి బూడిదరంగు పూత వేసి ఆరబెట్టాను. తెల్ల కాన్వాస్ మీద సముద్రం మొదలుపెడితే ప్రతి రంగూ ఉన్నదానికన్నా ముదురుగా కనబడుతుంది. భయపడి లేతగా వేసేస్తాం.

హొరైజన్ గీశాను. రెండు చివర్లా అంచు నుంచి కొలిచి, స్కేలు పెట్టి. అది వెంట్రుకవాసి వంగినా నీళ్ళన్నీ ఒకపక్కకి ఒలికిపోతాయి. ఈ ఒక్క విషయంలో అక్క నన్ను మెచ్చుకుంది. ఇంకోటి కూడా చేసింది. చిన్న బొమ్మలో బోటు ఎడమ అంచు నుంచి ఎంత దూరమో కొలిచింది. రెండూ ముప్పావు. నాలుగింతలు చేసి, పదకొండు అంగుళాల దగ్గర కాన్వాస్ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టింది.

ఇక్కడ, అంది.


ఫిబ్రవరి 18

ఆకాశం అయింది. టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ. కింది పొరలు పల్చగా ఉండి ముందు ఆరాలి. చిక్కటి రంగు పైకి రావాలి. తిరగేస్తే పైన ఎండిపోయి కింద తడి ఉంటుంది. కొన్నేళ్ళకి పగులుతుంది.

చిక్కేమిటంటే, చిన్న బొమ్మ పసుపెక్కింది. ఇరవై ఏళ్ళ నూనె. ఆ రోజు వెలుతురు నిజంగా ఏ రంగో దాంట్లో తెలియడం లేదు. నాకూ గుర్తులేదు.

పెయింట్ ముట్టుకునే ముందు పెన్సిల్ స్కెచ్ వేసుకోవడం అలవాటు. టైము, గాలి, ఎండ ఎటునుంచి, అన్నీ మార్జిన్‌లో రాస్తాను. ఆ రోజూ వేసి ఉంటాను. ఆ స్కెచ్ బుక్ ఆ రోజు తర్వాత తెరవలేదు. పాత ట్రంకులో ఉండాలి.


ఫిబ్రవరి 19, ఉదయం 11

స్కెచ్ బుక్ దొరికింది. బోటు కుడిపక్క ఉంది.


అదే రోజు, సాయంత్రం

నాలుగుసార్లు చూశాను. పేజీ తిరగేసి పట్టుకున్నానేమో అనుకున్నాను. నా చేతిరాత నిటారుగానే ఉంది. ఏప్రిల్ 11, నాలుగూ పది, గాలి తక్కువ, ఎండ వెనకనుంచి. మధ్యకి కాస్త కుడిగా దున్నబండ. దానికి ఇంకా కుడిగా, పేజీ అంచు దగ్గర, బోటు. మూడు గీతలు. పక్కనే ఒక బాణం గుర్తు, ఎడమవైపుకి. కింద రెండు ముక్కలు: బోటు ఇటు.

ఆ రెండు ముక్కలతో అంతా గుర్తొచ్చింది. బండా కుడినే, బోటూ కుడినే ఉంటే బరువంతా ఒకపక్కే పడుతుంది. ఎడమ సగం బోసిపోతుంది. కన్ను వెళ్ళి మూలన ఇరుక్కుంటుంది. బోటుని ఎడమకి జరిపితే కాంపోజిషన్ సరిపోతుంది. ఎవరైనా జరుపుతారు. నేర్పిన మాస్టారే చెప్పేవారు, బండలు కదలవు, పడవలు కదుల్తాయి, వాటిని కదుపుకోండి అని. జరిపాను. ఐదూ యాభైకి బొమ్మ అయింది.

ఆరూ నలభైకి ఆఫీసరు అడిగినప్పుడు ఆ చెక్క నా చేతిలోనే ఉంది. తడిగా ఉంది. అంచులు పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ చూశారమ్మా అన్నాడు. నేను నీళ్ళవైపు చూడలేదు. బొమ్మవైపు చూశాను.

గంటన్నర పాటు ఆ బోటుని ఎడమపక్క వేస్తూ కూర్చున్నదాన్ని. నాకు అది ఎడమపక్కే ఉంది. అబద్ధం చెప్పలేదు. ఇవాళ ఉదయం పది యాభైతొమ్మిది దాకా అదే నిజం.


ఫిబ్రవరి 20

పని చేయలేదు.


ఫిబ్రవరి 26

పని చేయలేదు. అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది. బొమ్మ ఒకరోజు అటూ ఇటూ అయినా పర్లేదులే, నువ్వు పడకేస్తే నేనెవర్ని సాధించేది అంది. తాగాను.


మార్చి 3

సముద్రం మొదలుపెట్టాను. బోటు లేకుండా.

హొరైజన్ దగ్గర రంగు బూడిదలోకి దిగాలి, అంచు మెత్తగా ఉండాలి. దగ్గరికొచ్చేకొద్దీ చిక్కనవాలి. అల లేచినచోట పైభాగం పల్చగా ఉంటుంది, ఎండ అందులోంచి ఇవతలికి వస్తుంది. అక్కడ ఆకుపచ్చ. అల పొట్ట కింద నల్లటి నీలం. నురగకి తెలుపు వాడేది చివర్లో, నాలుగైదు చోట్ల. మిగతా నురగంతా బూడిద, ఊదా. కొత్తవాళ్ళు అంతా తెల్లగా వేసి, మెరవడం లేదేమిటా అనుకుంటారు.

చేతికి పని ఉంటే బాగానే ఉంది. ఆపితేనే కష్టం.

అక్క సాయంత్రం వచ్చి చాలాసేపు చూసింది. ఈసారి దుప్పట్లు కావులే అంది.


మార్చి 9

చెప్పకపోతే ఏమవుతుంది? లెక్కేశాను.

బోటుని అక్క పెట్టిన చుక్క మీద పెడతాను. అక్క మంచం మీంచి చూసుకుంటుంది. స్కెచ్ బుక్ చింపేస్తాను. ఇద్దరం ఇలాగే ఉంటాం. అక్కకి నేనూ నాకు అక్కా తప్ప ఎవరూ లేరు. చెబితే, ఆవిడకి నేనుండను.

అటుపక్క ఉన్నది ఒక్క నత్త.


మార్చి 12

ఆయన ఇంటికి వెళ్ళాను. అడ్రసు అక్క పాత ఉత్తరాల కాపీల్లోనే ఉంది. సైకిల్ షాపు మీద రెండో అంతస్తు. తలుపు తీసి నన్ను గుర్తుపట్టారు. ఏమ్మా, అక్కగారు కొత్త ఉత్తరం ఏమైనా రాశారా అన్నారు. వ్యంగ్యం లేదు. మామూలుగానే అడిగారు.

స్కెచ్ బుక్ చూపించాను. చెప్పాల్సింది చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది.

కళ్ళజోడు మార్చుకుని పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. తర్వాత, రెండుసార్లు అడిగానమ్మా మిమ్మల్ని అన్నారు. రెండుసార్లూ ఎడమనే చెప్పారు అన్నారు. బోటు దొరికిన రోజే లెక్క తేడా కొట్టిందట. ఆ రోజు నీటి లాగుడు కుడి నుంచి ఎడమకి. ఎడమనున్న బోటు ఎదురెక్కి కుడికి ఎలా పోతుంది? కుడినుంటేనే ఆ లాగుడు దాన్ని బండ వెనక రాళ్ళలోకి తోస్తుంది. ఎంక్వయిరీలో ఆయన అదే చెప్పారట. అక్కడ అక్క ఇచ్చిన నా చిన్న బొమ్మ బల్ల మీద పెట్టి ఉందట. ఒక ఆర్టిస్టు కంటినే శంకిస్తున్నారా, మీ ఆలస్యం కప్పుకోడానికా అని ఎంక్వయిరీ వాళ్ళు అడిగారట. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మా ఆవిడ నాలుగేళ్ళ క్రితం పోయిందమ్మా అన్నారు. పోయేదాకా అప్పుడప్పుడు అడిగేది. నాతో నిజం చెప్పండి, ఆ రోజు నిజంగా ఆలస్యం చేశారా అని. లేదనేవాణ్ణి. సరేననేది. మళ్ళీ అడిగేది.

స్కెచ్ బుక్ నా చేతికిచ్చారు. టీ పెడతానన్నారు. వద్దన్నాను. మెట్లు దిగుతుంటే పైనుంచి అడిగారు, అక్కగారు నన్నింకా నత్త అనే అంటున్నారా అని. ఆ పేరు ఆయనకి తెలుసని నాకు ఇవాళే తెలిసింది.


మార్చి 16

జరిగినదంతా పేజీన్నర రాసి, సంతకం పెట్టి, హార్బర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి ఫైల్ నంబర్ అడిగింది. చెప్పాను. పదిహేనేళ్ళు దాటిన ఫైళ్ళు తీసేశామండీ అంది. మరి ఈ కాగితం అన్నాను. ఫైల్ లేకుండా ఎందులో పెట్టమంటారు అంది. చివరికి ఇన్‌వర్డ్ ముద్ర కొట్టి ఒక ట్రేలో పడేసింది. ట్రే నిండా కాగితాలున్నాయి.

కాపీ ఒకటి ఆయనకి పోస్టు చేశాను.


మార్చి 26

బోటు పెట్టాను.

సన్న బ్రష్, మూడు గీతలు. బండకి కుడిపక్క, అంచు దగ్గర. స్కెచ్‌లో ఉన్నచోటే, కొలిచి. అక్క పెట్టిన చుక్క మీద అప్పటికే రెండు పొరల నీళ్ళున్నాయి.

ఆయిల్‌తో ఒక సౌకర్యం. తడి ఉన్నంతసేపూ గుడ్డతో తుడిచెయ్యొచ్చు. కింది పొర ఆరిపోయింది గనక మరక కూడా మిగలదు. గుడ్డ చేతిలో పట్టుకుని ఈజెల్ ముందు గంటసేపు నిలబడ్డాను. తర్వాత గుడ్డ ఉతికి ఆరేశాను.

బొమ్మగా చూస్తే బాగాలేదు. అప్పుడు అనుకున్నది కరెక్టే. ఎడమ సగమంతా ఖాళీ.


మార్చి 27

అక్క ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసుతో వచ్చింది. బోటేదే అంది. తర్వాత చూసింది. ఇటెందుకు పెట్టావ్ అంది. తప్పుగా పెట్టావ్ అంది. మళ్ళీ కొలుద్దామని టేపుకోసం లేచింది.

అది కాదక్కా అని కూర్చోబెట్టాను. స్కెచ్ బుక్ ఒళ్ళో పెట్టాను. వరసగా చెప్పాను. నాలుగూ పది. బాణం గుర్తు. ఐదూ యాభై. ఆరూ నలభై. నీటి లాగుడు. ఆఫీసరు రెండుసార్లు అడగడం. ఏదీ వదల్లేదు. సారీ అనలేదు. ఆ మాట మరీ చిన్నగా వినబడుతుందని భయమేసింది.

మధ్యలో అక్క ఒక్కసారే అడ్డుపడింది. ఆ రోజు నువ్వు ఆఫీసరుకి చెబుతుంటే నీ చేతికి తడి పెయింట్ ఉంది, నాకు గుర్తుంది అంది. నా జాకెట్టు చేతికి కూడా అంటింది అంది.

అంతా అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ ఆపిన చప్పుడు వినబడింది. పాలు అప్పటికే పొంగిపోయాయి. నేల తుడిచింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.


మార్చి 28

తలుపు తీయలేదు.


మార్చి 31

నిన్నటి నుంచి బయటికి వస్తోంది. వండుతోంది. నాకు కంచం పెడుతోంది. మాట్లాడదు. ఉప్పు తక్కువైతే నేనే లేచి తెచ్చుకుంటున్నాను.


ఏప్రిల్ 6

అక్క పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుంది. స్కూలుకి వెళ్ళే రోజుల్లోలా చేతికి వాచీ పెట్టుకుంది. పదింటికి వెళ్ళి ఒంటిగంటకి వచ్చింది. ఎక్కడికని అడగలేదు.

సాయంత్రం ఆఫీసరుగారు ఫోన్ చేశారు. ఆవిడ వచ్చిందమ్మా అన్నారు. రండి అంటే లోపలికి రాలేదట. గుమ్మం బయటే నిలబడిందట. ఏదో అనబోయి మానేసిందట, రెండుసార్లు. చివరికి మంచినీళ్ళు అడిగి, తాగి, గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయిందట.

ఫోన్ పెట్టేసేముందు, నత్త అని మాత్రం అనలేదమ్మా అన్నారు. నవ్వబోయారనుకుంటాను. దగ్గొచ్చింది.


ఏప్రిల్ 11

ఇరవై ఏళ్ళు.

ఉదయం లేచేసరికి బొమ్మ స్టూడియోలో లేదు. హాల్లో గోడకి ఉంది. అంత బరువు ఒక్కత్తే ఎలా మోసిందో, ఎప్పుడు మేకు కొట్టిందో తెలియదు. ఆయిల్ ఇంకా పూర్తిగా ఆరలేదు. నురగలో ఒకచోట అక్క బొటనవేలి ముద్ర పడింది. దిద్దను.

నాలుగు దాటాక అక్క నన్ను పిలిచింది. పదిహేను రోజుల తర్వాత. నాలుగూ పది నుంచి ఐదూ యాభై దాకా అక్కడే ఉన్నావు కదా అంది. ఉన్నానన్నాను. ఆ గంటా నలభై నిమిషాల్లో బోటు కదిలిందా, ఆగే ఉందా అంది.

తెలియదక్కా అన్నాను. బొమ్మలో పెట్టేశాక మళ్ళీ దానివైపు చూడలేదన్నాను.

చెయ్యి ఊపాడా, అంది.

స్కెచ్‌లో ఆ మూడు గీతల్లో ఒకటి, చిన్నది, బోటు మీద నిలువుగా ఉంది. మనిషి నిలబడ్డట్టు. గీత కొస పక్కకి కొంచెం సాగింది. అది చెయ్యో, పెన్సిల్ జారిందో నాకు తెలియదు. ఊపలేదక్కా, మామూలుగా పని చేసుకుంటున్నాడు అని చెప్పొచ్చు. ఆ మాటతో ఆవిడ ఈ రాత్రి నిద్రపోతుంది. నోటిదాకా వచ్చింది.

తెలియదు అన్నాను.


ఏప్రిల్ 19

అక్క కుర్చీ హాల్లోకి జరుపుకుంది. బొమ్మకి ఆరడుగుల దూరం. నాలుగింటికి కూర్చుంటుంది. ఆరింటికి లేస్తుంది.

ఇవాళ ఎంత ఆరిందో చూద్దామని వెళ్ళి బొమ్మ ముందు నిలబడ్డాను.

అడ్డు తప్పుకో, కనబడటం లేదు, అంది.

తప్పుకున్నాను.